వాసన చూడని ముద్ద

మాంసం కొట్టాయన కూతురు మాంసం మానేసిందన్న కబురు దర్జీ ఆవిడ నోట పుట్టింది. ఆవిడ పాలావిడతో అంది. పాలావిడ మేడమీద అద్దెకుంటున్న నర్సుతో అంది. నర్సు డ్యూటీకి పోతూ పోతూ, వరండాలో మందుబిళ్ళ మింగుతున్న ముసలావిడ చెవిలో వేసింది. ముసలావిడ కొట్టాయన కన్నతల్లి. పిల్ల మాంసం ముట్టట్లేదని ఆవిడకి ఎప్పుడో తెలుసు, ఎందుకో తెలియదు. కబురు ఆవిడ దాకా వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులే కాదు, మీసాలు కూడా మొలిచాయి.

"విన్నావటే కోడలా?" అంటూ ముసలావిడ వంటింటి గుమ్మం పట్టుకుంది. "మన అమ్మడు ఎవరో మాంసం ముట్టని ఇంటి కుర్రాణ్ణి ప్రేమించిందట. అది కాకపోతే దాని కడుపులో పుండు పడిందట. అదీ కాకపోతే మన కొట్లో సరుకు పాడైందని కళ్ళారా చూసి ఒట్టు పెట్టుకుందట. మూడిట్లో నీకు నచ్చింది తీసుకో."

ఇల్లాలికి నవ్వొచ్చింది. పొయ్యి మీద తెల్ల శనగలు కుతకుతమంటున్నాయి. గరిటెతో ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"మూడూ కాదత్తయ్యా. దానికి తినాలనిపించట్లేదంట."

"అదేం జబ్బే?"

"జబ్బు కాదు. అనిపించట్లేదు, అంతే."

"ఇంకేం, ఊరికి చెప్పుకోడానికి భలే కారణం!" అంది ముసలావిడ బోసినోరు తిప్పుతూ. "కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకునేదాన్నే. కానీ ఈ దురద కందదే తల్లీ. కొట్టు మనది. మనింటి పిల్లే నోట పెట్టుకోని సరుకు పొరుగువాడు డబ్బిచ్చి కొంటాడా?"

ఆ మాట అనేసి ముసలావిడ చేతికర్ర తీసుకుని కొట్టుకి బయల్దేరింది. కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చునేది ఆవిడే. కళ్ళు కాస్త మసకబారాయి గానీ, చిల్లర విషయంలో మాత్రం ఆవిడకి గద్ద చూపు.

అత్తగారు వీధి మలుపు తిరిగిందాకా ఆగి, ఇల్లాలు ఫ్రిజ్ తెరిచింది. కూరగాయల వెనక, మూత బిగించిన ఒక స్టీలు డబ్బా. అందులో ఎముకలు సన్నసెగ మీద కాచి, పాత బట్టలో వడగట్టిన నీళ్ళున్నాయి. శనగల గిన్నెలో ఉన్న నీళ్ళు సగం వంపేసి, ఆ సగం మేరకీ ఈ నీళ్ళు పోసింది.

ఇది నెల రోజులుగా నడుస్తున్న వ్యవహారం. కొట్లో కోసిన వేటపోతుల్ని కొక్కేనికి ఎత్తేది ఆ పిల్లే. మొద్దు మీద కత్తి ఎత్తి దించేది ఆ పిల్లే. మాంసం మానేసి శనగ గింజలు నమిలే ఒంటికి ఆ సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుందని తల్లికి బెంగ. ఆ బెంగతో చూస్తే కూతురి మణికట్టు రోజుకో నూలుపోగంత సన్నబడుతున్నట్టే కనిపించింది. మొదటిసారి పోసినప్పుడు గుమ్మం వైపు రెండుసార్లు చూసింది. నాలుగోసారికి చూడటం మానేసింది. అలవాటైన తప్పుని ఎవరూ తప్పనరు, పద్ధతంటారు. ఇల్లాలికి అది వంట పద్ధతి అయిపోయింది.

పొద్దెక్కాక అమ్మడు వచ్చింది. దాని అసలు పేరు రేషన్ కార్డులోనే ఉండేది. కొట్లోనూ ఇంట్లోనూ అమ్మడే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, జుట్టు ముడి బిగించి, మిక్సీ ముందుకొచ్చింది. దాని వంట ఎంతసేపో పట్టదు. ఉడికిన శనగలు గరిటెడు, దోరగా వేయించిన నువ్వులు గుప్పెడు, రెండు వెల్లుల్లి రేకలు, ఉప్పు, మిరియాల పొడి. పైన కాస్త నూనె, నిమ్మకాయ పిండుడు. శనగల నీళ్ళే రెండు గరిటెలు పోసి గిర్రున తిప్పితే వెన్నలాంటి ముద్ద. నిలువుగా చీరిన క్యారెట్టు ముక్కలూ కీరా ముక్కలూ అందులో ముంచుకుని నంజుకు తినడమే. కొట్లో రద్దీ మధ్య, ఒక చేత్తో కాటా చూస్తూ ఇంకో చేత్తో తినగలిగే తిండి.

వేలితో రుచి చూసి అమ్మడు కళ్ళు మూసుకుంది. "ఈమధ్య నీ శనగలు భలే ఉంటున్నాయమ్మా. నేనుడకబెడితే ఈ చిక్కదనం రాదు. ఏం చేస్తున్నావే?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇల్లాలు గబుక్కున పొయ్యి వైపు తిరిగింది. "ఏం చేస్తాను? సన్నసెగ మీద ఉడకనిస్తాను. నీకు ఓపిక తక్కువ."

అంతలో కొట్టాయన వచ్చాడు. ఎడం చేత్తో కుడి భుజం ఒత్తుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు కత్తి దించిన భుజం. ఇప్పుడు చొక్కా తొడుక్కోవాలన్నా భార్య సాయం పట్టాలి. ఇంక కత్తి పట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. కొట్టు ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మాట.

"ఏమ్మా, లప్పం తయారైందా?" అన్నాడు మిక్సీ గిన్నెలోకి తొంగి చూసి. "కాస్త మిగల్చు. వరండా గోడకి పగుళ్ళొచ్చాయి."

"పూసుకో నాన్నా. గోడకి కూడా బలమొస్తుంది."

"వెటకారానికేం తక్కువ లేదు." ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించాడంటే విషయం పెద్దదన్నమాట. "ఆదివారం హోటలాయన వస్తున్నాడు. వచ్చే ఏడాదంతా సరుకు మన దగ్గరే తీసుకుంటానంటున్నాడు. నా తర్వాత ఎవరని అడిగాడు. నా కూతురన్నాను. ఆ పిల్ల మాంసం తినదంట కదా అన్నాడు. తల కొట్టేసినట్టయింది నాకు."

"తినదు అని చెప్పాల్సింది."

"చెప్పులమ్మేవాడు వట్టి కాళ్ళతో తిరిగితే ఎవడు కొంటాడే?"

"శవపెట్టె చేసే వడ్రంగి ముందు తను పడుకుని చూస్తాడా నాన్నా?"

కొట్టాయన భుజం మళ్ళీ ఒత్తుకున్నాడు. ఇల్లాలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆయన బాధ ఒక్క ఈ మాటకారితనం కాదు. ఆ పిల్ల జాలిపడి మానేసుంటే ఆయనకి అర్థమయ్యేది. జాలైతే కత్తి కూడా వదిలేస్తుంది, మేనల్లుడికి కొట్టు అప్పగించి ఆయన హాయిగా పడుకుంటాడు. ఈ పిల్ల అట్లా కాదు. దానికి కోయడం ప్రాణం. కీలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని పట్టుకుంటుంది. ఎముక పలక్కుండా విడదీస్తుంది. ప్రతి ముక్కా ముక్కు దగ్గర పెట్టి చూస్తుంది. అనుమానమొస్తే తండ్రి కాదు, తాత దిగొచ్చినా కాటా మీద పెట్టనివ్వదు. అన్నీ ఉన్నాయి. నోట పెట్టుకోవడం ఒక్కటే లేదు. ఎందుకే అంటే ఇష్టం లేదంటుంది. ఇష్టం లేకపోవడం కూడా ఒక కారణమేనా అని ఆయన మథన.

"ఆదివారం పొద్దున హోటలాయన ముందు, నలుగురి ముందు, ఒక్క ముక్క నోట్లో వేసుకో," అన్నాడు కొట్టాయన. "ఒక్కటే. మింగకపోయినా పర్లేదు, నవ్వుతూ నములు చాలు. అక్కడికక్కడే తాళం నీ చేతిలో పెడతాను. లేదంటే సోమవారం మేనల్లుణ్ణి పిలుస్తాను. వాడికి పని రాదు గానీ పళ్ళేనికి పళ్ళెం ఊడ్చేస్తాడు."

అమ్మడు డబ్బా మూత టక్కున పెట్టింది. "పిలుచుకో. వాడికి తినడానికి సరుకు కోసిచ్చేవాళ్ళు కావాలిగా, నేనుంటాను."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. కొట్టాయన భార్య వైపు తిరిగి, "నీ పెంపకం," అన్నాడు.

"నోరు మీది," అంది ఇల్లాలు.

*

ఆదివారం రద్దీకి ముందే చేసి ఉంచుదామని ఇల్లాలు శుక్రవారం సాయంత్రం శనగలు ఎక్కువే ఉడకబెట్టింది. తన పద్ధతిలోనే ఉడకబెట్టి, నీళ్ళతో సహా పెద్ద గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఎప్పుడూ అట్లా పెట్టలేదు. వేడివేడిగా దింపడం, కూతురొచ్చి రుబ్బుకుపోవడం, ఇదే వాడుక. ఒక్కపూట పనికి ముందుచూపు చూపించింది, అదే కొంప ముంచింది.

శనివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక అమ్మడు ఆకలితో ఇంటికొచ్చింది. తల్లి డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. బట్టల కుప్ప చంకన పెట్టుకుని కిందికి దిగేసరికి వంటింట్లో కూతురు గట్టు ముందు నిలబడి ఉంది. చేతుల్లో శనగల గిన్నె. గిన్నె బోర్లించి ఉంది. లోపలున్నదేమీ కింద పడట్లేదు.

ఇల్లాలి చంకలోంచి బట్టలు జారిపోయాయి.

అమ్మడు గిన్నె మెల్లగా తిప్పి గట్టు మీద పెట్టింది. పక్కన ఒకటి తట్టింది. శనగలు ఇరుక్కున్న ఆ ముద్ద గడగడా వణికి ఆగింది. వేలు పెట్టి నొక్కింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీసింది. అవి ఒకదాన్నొకటి వదలడానికి ఇష్టపడలేదు.

"శనగ నీళ్ళు చిక్కబడతాయమ్మా," అంది. గొంతులో కోపం లేదు. అదే తల్లికి భయమేసింది. "ఇట్లా గడ్డకట్టవు."

"ఫ్రిజ్ చల్లదనం ఎక్కువైందేమో..."

"మేక కాళ్ళు కాచిన నీళ్ళే ఇట్లా బిగుస్తాయి. మోకాలి కింది కీళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాచావు. బట్టలో వడగట్టావు, కొవ్వు తేలకుండా. నేను కోసిన కాళ్ళే అయ్యుంటాయి. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే?"

ఇల్లాలికి అబద్ధం నాలుక చివర దాకా వచ్చి, అక్కడే చచ్చిపోయింది.

"ఎప్పట్నించి?"

"నెల..."

"నేను రుచి బాగుందన్నప్పుడల్లా నవ్వుకున్నావా?"

"నవ్వుకోడమేంటే!" ఇల్లాలు కూతురి మణికట్టు పట్టుకుంది. "నీ చేతులు చూసుకున్నావా ఎట్లా అయిపోతున్నాయో? అంతంత బరువులెత్తుతావు. గింజలు తిని ఎత్తితే రేపు మంచాన పడితే ఎవరు చూస్తారు? తల్లిని. నా భయం నాది."

"నా చేతులు ఎట్లా అయిపోయాయి? ఈ నెల్లో ఒక్క వేట నా చేతిలోంచి జారిందా?"

"నేను పోశాను కాబట్టే జారలేదేమో!"

"అంతకు ముందు ఆరు నెలలు? అప్పుడెవరు పోశారు?"

ఇల్లాలు గట్టు తుడవడం మొదలెట్టింది. పిల్ల మాంసం మానేసి ఏడు నెలలైన సంగతి ఆమెకీ తెలుసు. మొదటి ఆరు నెలలూ శనగలూ నువ్వులే ఎత్తాయి ఆ వేటల్ని.

గొడవ విని ముసలావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. సంగతి విని గిన్నెలోకి చూసి, "ఓసి నీ అసాధ్యం కూలా! దాని డబ్బాలో మిగిలిందంతా నేనే నాకేస్తున్నాను కదే," అంది. "అందుకా నా మోకాళ్ళ నొప్పులు తగ్గాయి!"

ఎవరూ నవ్వలేదు. ముసలావిడ కూడా నవ్వించాలని అనలేదు.

కొట్టాయన మధ్యాహ్నపు కునుకులోంచి లేచి వచ్చాడు. విషయం బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. ఎక్కాక మాత్రం ఆయన ముఖం పండగ చేసుకుంది. ఎడం చేత్తో తొడ చరిచాడు.

"ఇంకేం! గొడవే లేదు! నెల్రోజులుగా తింటూనే ఉంది. వాంతులయ్యాయా? లేదు. ఒంటికి పడిందా? పడింది. అమ్మడూ, ఇంక రేపు ముక్క కూడా అక్కర్లేదు. హోటలాయన వస్తే 'తింటున్నాను' అను. అబద్ధం కూడా కాదు! ఆ ఒక్క మాటకి తాళం ఇచ్చేస్తాను. ఏమే, నెల్రోజుల నుంచీ ఈ తెలివి ఎక్కడ దాచావే?" అన్నాడు భార్యని మెచ్చుకోలుగా చూసి.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమె తెలివిని మెచ్చుకున్నది బహుశా ఇదే మొదటిసారి. ఆ మెప్పు ఇల్లాలి ఒంటి మీద పేడనీళ్ళు చల్లినట్టు పడింది.

"నేను తినలేదు నాన్నా," అంది అమ్మడు. "అమ్మ పోసింది. రెండిటికీ చాలా తేడా ఉంది."

"తేడా ఎవడు చూస్తాడే? కొట్టు దక్కుతుంది కదా!"

"నాకక్కర్లేదు."

"ఏది?"

"అట్లా దక్కే కొట్టు." అమ్మడు తల్లి వైపు తిరిగింది. అప్పుడు దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొట్లో నేనెవర్నీ నమ్మనమ్మా. నాన్న ఇచ్చిన ముక్కైనా వాసన చూసే కాటా మీద పెడతాను. లోకంలో నేను వాసన చూడకుండా నోట్లో పెట్టుకునేది ఒక్క నువ్వు పెట్టిందే."

అంతే అని, గిన్నె తీసుకెళ్ళి పెరట్లో కుక్క ముందు పెట్టింది.

ఇల్లాలు నేల మీద పడ్డ బట్టలు ఏరుకుంటూ కూర్చుంది. ఏరినవే మళ్ళీ ఏరింది. కొట్టాయన ఇంకా ఏదో చెబుతున్నాడు, హోటలాయన గురించి, ఏడాది సరుకు గురించి.

"మీరు కాస్త నోరు మూసుకుంటారా?" అంది.

ఆయన నిజంగానే మూసుకున్నాడు. ఆమె ఆ మాట అంత మెల్లగా అనడం ఆయనెప్పుడూ వినలేదు.

కాసేపటికి అమ్మడు పెరట్లోంచి వచ్చింది. అలవాటు కొద్దీ ఇల్లాలు కుండలోంచి గ్లాసుతో మంచినీళ్ళు ముంచి ఇచ్చింది. అమ్మడు గ్లాసు అందుకుంది. నోటి దాకా తీసుకెళ్ళి, ముక్కు దగ్గర ఆపింది. రెప్పపాటు. వాసన చూసింది. తర్వాత తాగింది.

కావాలని చేసింది కాదు. చెయ్యి తనంతట తనే ఆగింది. చేసినట్టు దానికే తెలియలేదు.

ఇల్లాలు చూసింది. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. బలం కోసమని పోసింది. ఏ బలమైతే ఆ పిల్లకి పుట్టినప్పట్నించీ అడక్కుండా దొరికిందో, దాన్నే గరిటెతో తోడి పారబోసింది. మాంసం మానేసిన రోజున పిల్ల ఒక వంటకం వదిలింది, అంతేగా. ఇప్పుడు తను చేసిన పనికి పిల్ల తల్లి చెయ్యినే వదిలింది.

"బెంగ," అనుకుంది కళ్ళు తుడుచుకుంటూ. "నా బెంగ నేను పడాలి గానీ దానికి తాగించడమేంటి?"

*

ఆదివారం పొద్దున కొట్టు ముందు వరస వీధి మూల దాకా ఉంది. అమ్మడు మొద్దు దగ్గర, ముసలావిడ గల్లాపెట్టె దగ్గర, కొట్టాయన మధ్యలో నిలబడి వచ్చినవాళ్ళని పలకరిస్తూ ఉన్నారు. వెనక బల్ల మీద మూతపెట్టిన పళ్ళెంలో నాలుగు వేయించిన ముక్కలు పెట్టి ఉంచాడు కొట్టాయన. తాళంచెవి జేబులో ఉంది. కూతురు మెత్తబడుతుందని ఆయన ఆశ చావలేదు.

అంతలో ఇల్లాలు వచ్చింది. ఒక చేతిలో కుక్కరు, ఇంకో చేతిలో మిక్సీ, భుజాన సంచి. వరసలోవాళ్ళు దారిచ్చారు.

కొట్లోకి వచ్చి, టీ కాచుకునే చిన్న పొయ్యిని వెనకనుంచి ముందు బల్ల మీదికి లాగింది. సంచిలోంచి నానబెట్టిన, ఇంకా ఉడకని శనగలు తీసి, అందరూ చూస్తుండగా కొట్టు కుళాయి కింద కడిగి, ఆ కుళాయి నీళ్ళే పట్టి, కుక్కరు మూత పెట్టింది.

"ఏంటే ఈ విడ్డూరం?" కొట్టాయన పళ్ళ బిగువున అన్నాడు. "జనం చూస్తున్నారు."

"చూడ్డానికే తెచ్చాను."

అమ్మడి కత్తి ఒక్క క్షణం గాల్లో ఆగి, మళ్ళీ దిగింది. తల ఎత్తలేదు.

కుక్కరు కూత పెట్టింది. మాంసం కొట్లో కుక్కరు కూత ఎవరూ వినలేదేమో, వరసంతా మెడలు సాచింది. వరసలో నాలుగో మనిషి దర్జీ ఆవిడే.

"ఏంటి వదినా, వంట కొట్లోకి మార్చావు?"

"నా కూతురికి పొద్దుటి తిండి చేస్తున్నాను వదినా," అంది ఇల్లాలు, మూలనున్నవాళ్ళకి కూడా వినిపించేట్టు. "అది మాంసం తినదు. నువ్వు అందరికీ చెప్పి పుణ్యం కట్టుకున్నావు గానీ వివరం సరిగ్గా చెప్పలేదు. ప్రేమా లేదు, పుండూ లేదు. దానికి ఇష్టం లేదు. ఎవరికైనా చెప్పేటప్పుడు ఇట్లా చెప్పు."

దర్జీ ఆవిడ మొహం సగం ఎర్రబడింది. అయినా ఊరుకునే రకం కాదు. "మాకేంటమ్మా, అది గాలి తిని బతకనీ. తినని పిల్లకి సరుకు మంచీచెడ్డా ఏం తెలుస్తుందని గానీ..."

"నువ్వు మగవాళ్ళ ప్యాంట్లు కుడతావు కదటే," అంది ముసలావిడ చిల్లర లెక్కపెడుతూనే. "తొడుక్కుని చూసే ఇస్తున్నావా?"

వరస పగలబడి నవ్వింది. నవ్వులో దర్జీ ఆవిడ కూడా కలిసింది, కలవక తప్పలేదు. కొట్టాయన మాత్రం చెమట తుడుచుకున్నాడు. ఏడు నెలలుగా ఏ మాట నలుగురిలో ఒప్పుకుంటే వరస విరిగిపోతుందని వణికాడో ఆ మాట ఇల్లాలే అనేసింది. ఆయన కళ్ళు వరస మీదే ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. వెనక ఒకామె, "కానివ్వండమ్మా, పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను," అంది.

కుక్కరు దిగింది. ఇల్లాలు ఒక్కోటి చెబుతూ మిక్సీలో వేసింది. "ఇవి శనగలు. ఇవి నువ్వులు, ఇంట్లో వేయించి తెచ్చాను. వెల్లుల్లి. ఉప్పు. మిరియం. ఈ నీళ్ళు నీ కుళాయివే." నూనె సీసా ఎత్తి చూపించింది. నిమ్మకాయ కోసి పిండింది. గిర్రున తిప్పి, ముద్ద గిన్నెలోకి తీసి, క్యారెట్టు ముక్కలు పక్కన పేర్చి, మొద్దు దగ్గరికి వెళ్ళి పట్టుకుంది.

"వాసన చూసుకో," అంది.

అమ్మడు కత్తి మొద్దులో గుచ్చి నిలబెట్టింది. చేతులు కడుక్కుంది. గిన్నె అందుకుని, ఎప్పుడూ ముక్కని చూసినట్టే, తీరిగ్గా, కళ్ళు మూసుకుని వాసన చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. అంతసేపూ ఇల్లాలు కదలకుండా నిలబడింది. సిగ్గుపడలేదు. చూసుకునే హక్కు పిల్లదని ఒప్పుకుని వచ్చింది కాబట్టి సిగ్గుకి చోటు లేదు.

అమ్మడు క్యారెట్టు ముక్క ముంచి కొరికింది.

"కాస్త పలచనైంది," అంది.

"పలచనే అవుతుంది. నీళ్ళేగా."

"బాగుంది," అంది అమ్మడు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని ఇంకో ముక్క ముంచింది.

హోటలాయన అప్పుడు వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వరసని పట్టించుకోకుండా ముందుకొచ్చి, ముద్దనీ మిక్సీనీ క్యారెట్టు ముక్కల్నీ వింతగా చూశాడు. కొట్టాయన గబగబా మూత తీసి పళ్ళెం కూతురి ముందు పెట్టాడు. నోటితో ఏమీ అనలేదు, కళ్ళతో బతిమాలాడు.

"వద్దు నాన్నా," అంది అమ్మడు, అందరికీ వినపడేట్టు. "నేను తినను."

హోటలాయన కనుబొమలు ముడిచాడు. "అంటే విన్నది నిజమేనన్నమాట. చూడమ్మా, నాది నమ్మకం మీద నడిచే వ్యాపారం. పొద్దున్నే వందమందికి పెట్టాలి. సరుకు నోట పెట్టుకోని మనిషిని నేనెట్లా నమ్మేది?"

అమ్మడు ఏదో అనబోయింది. ఇల్లాలు మధ్యలోకి వచ్చింది.

"నేను తింటానండీ," అంది. "పుట్టినప్పట్నించీ తింటున్నాను. నెల రోజులు నా కన్నకూతురి తిండిలో దానికి చెప్పకుండా ఎముకల నీళ్ళు కలిపింది నేనే. తినేదాన్ని కదా అని నన్ను నమ్ముతారా?"

ముసలావిడ చిల్లర గల్లాలో వదిలేసి తల తిప్పింది. కొట్టాయన భార్య ముఖం వైపు చూశాడు. పదిమందిలో, ఆదివారం పూట, తన తప్పు తానే మొద్దు మీద పెట్టి కొట్టింది ఆమె. తల దించలేదు.

"ఇదిగో ఈ పిల్ల," అంది ఇల్లాలు, "నిన్న నా చేతి మంచినీళ్ళు వాసన చూసి తాగింది. తప్పు నాదే, దానిది కాదు. కన్నతల్లి దగ్గరే వాసన చూసేది మీకు పాచిపోయిన ముక్క పంపుతుందా? ఆలోచించుకోండి."

హోటలాయన గడ్డం గోక్కున్నాడు. ఆడవాళ్ళతో తేలదనుకున్నాడో ఏమో, కొట్టాయన వైపు తిరిగాడు.

"ఏమయ్యా, నువ్వేం మాట్లాడవు? ఈ కొట్టు సంగతి నాకు నువ్వు చెప్పు. ఏమంటావు?"

కొట్టాయన వేయించిన ముక్కల పళ్ళెం బల్ల మీంచి తీసేశాడు. కుడి చెయ్యి లేవక ఎడం చేత్తో జేబు తడుముకుని తాళంచెవి తీశాడు. దాన్ని కూతురి గిన్నె పక్కన, క్యారెట్టు ముక్కల మధ్య పెట్టాడు.

"నన్నడుగుతావేం?" అన్నాడు. "కొట్టు దానిది. నువ్వెళ్ళి వరసలో నిలబడు."